చెవి తమ్మె ఎర్రబడలేదు

మా అమ్మాయి పోయి నలభై రోజులు దాటింది. చెన్నైలో, ఆసుపత్రిలో, మధ్యాహ్నం భోజనాల వేళ పోయింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది, మందులకు తగ్గలేదు. దానికి ముప్పై ఒక్క ఏళ్లు. దొరవారిసత్రంలో మా వీధివాళ్లకు ఆ సాయంత్రమే తెలిసింది. తడ దగ్గర బూట్ల కంపెనీలో దానితో పనిచేసిన పిల్లలకు మరునాడు పొద్దున బస్సులో తెలిసింది. అది ఆ బస్సు ఎక్కడం మానేసి రెండేళ్లయింది. అయినా ఆ రోజు బస్సు మా వీధి మొదట్లో ఆగి, ఎక్కేవాళ్లు ఎవరూ లేకపోయినా కాసేపు కదల్లేదని చెప్పారు.

పలకరించడానికి వచ్చినవాళ్లు ఒకే మాట అడిగారు, ఏం జబ్బని. రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్ అని చెప్తే ఎవరికీ నోరు తిరగలేదు. నాకు తిరగడానికే ఏడాది పట్టింది. గొంతు జబ్బంట అన్నారు కొందరు. ఒకావిడ నా ముందరే పక్కావిడతో, చెవి కుట్టించినారంట, అది వికటించింది అన్నది. ఆ రోజు చెప్పని మాటలు ఇక్కడ రాస్తున్నాను. నాకు నాలుగో తరగతి దాకానే చదువు. బస్సులో మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల ఆదివారాలు వచ్చి నా అక్షరాలు దిద్దింది. మాటలు మాత్రం మార్చవద్దని చెప్పాను.

మాది దూది పని చేసే ఇల్లు. మా ఇంటాయన పరుపులు, దిండ్లు కుడతాడు. ఆయన నాయనదీ అదే పని. మాకు ఒక్కతే బిడ్డ. ఇంటర్ అయినాక కంపెనీలో చేరింది. బూట్ల కుట్లు సరిగా ఉన్నాయో లేదో చూసి పంపే పని. రోజంతా చూడటమే. ఇంటికి వచ్చినా ఆ చూపు పోయేది కాదు. వాళ్ల నాయన కుట్టిన దిండు తీసుకుని మూలమూలా తడిమేది.

"నాయనా, ఈ మూల కుట్టు వదులుగా ఉండాది."

"నీ కంపెనీ కాదమ్మా ఇది. తల పెట్టుకుని నిద్రపోయేవాళ్లు కుట్లు లెక్కబెట్టుకోరు," అనేవాడు ఆయన. అంటూనే ఆ మూల విప్పేవాడు.

దాని పని గురించి నాకు ఒకసారి చెప్పింది. "చెడింది అందరికీ కనపడతాదమ్మా. పక్కన బాగుండేది కూడా చూడాల. ఇది ఎందుకు చెడలేదు అని అడగాల. అప్పుడే ఎక్కడి నుంచి చెడిందో తెలుస్తాది." నేను చింతపండు పిసుకుతూ విన్నాను. పిల్ల పనిమంతురాలు అనుకున్నాను, అంతే.

మా వాళ్లలో ఆడవాళ్లు చెవి అంచు పొడవునా వరసగా పోగులు పెట్టుకోవడం ఉంది. ఇప్పటి పిల్లలు మానేశారు. మా అత్తకు ఒక్కో చెవికి ఆరు. మనవరాలికి తమ్మెలు పసిబిడ్డప్పుడే కుట్టించాము. పైచెవికి కూడా కుట్టించాలని ఆమె పట్టు.

"ఆరు వద్దులే మే, మూడన్నా పెట్టించు. నేను పొయ్యేలోపల చూసుకుంటా," అనేది నాతో.

"జేజీ, నీ చెవులు చిల్లుల గరిటె మాదిరి ఉండాయి. నన్ను కూడా గరిటె చేస్తావా," అనేది మా అమ్మాయి.

"చిల్లుల గరిటె లేకుండా బూరె తీస్తావా నువ్వు," అనేది ముసలామె.

చివరికి దానికి ఇరవై రెండో ఏట ఒప్పుకుంది. జేజి ముచ్చట కోసమే ఒప్పుకుంది. నేనే తీసుకుపోయాను. కంసాలి ఆచారి అంగడిలో బల్ల మీద కూర్చోబెట్టి, చెవికి మూడు లెక్కన కుట్టించాను. సూది దిగేటప్పుడు అది కదలకుండా తల పట్టుకున్నది నేను. ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం సరికాదు.

కుట్లు బాగానే మానాయి. అయిదు నెలలు ఏమీ లేదు. తర్వాత ఒకరోజు కుడిచెవి ఎర్రబడింది. సాయంత్రానికి వాచింది. మరునాటికి చెవి చెవిలా లేదు, ఉడికించిన దుంపలా ఉంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయింది. పోగులు తీసేశాము. వెల్లుల్లి వేసి కాచిన నూనె రాశాను. ఇంకా మండిందని చెప్పింది. నేను నేరుగా ఆచారి అంగడికి పోయాను.

"సూది కడగకుండా కుట్టినావు, నా బిడ్డ చెవి చూడు పో," అన్నాను, బేరానికి వచ్చిన ఇద్దరి ముందర.

"అయిదు నెలల తర్వాత వాస్తే నా సూది ఏం చేసిందమ్మా?" అన్నాడు ఆయన.

దానికి కూడా నేను ఏదో అన్నాను. ఏమన్నానో రాయను. మరునాడు మా అమ్మాయి కంపెనీ నుంచి వస్తూ బస్సు దిగి, వాచిన చెవితోనే ఆయన అంగడికి పోయి, మా అమ్మ భయంతో అన్నది, మనసులో పెట్టుకోవద్దు అని చెప్పి వచ్చిందట. ఇది నాకు ఎన్నో ఏళ్ల తర్వాత, నేనే ఆయన దగ్గరికి తప్పు ఒప్పుకోవడానికి పోయినప్పుడు తెలిసింది. "నీ కూతురు ఎప్పుడో చెప్పింది తల్లీ. నువ్వు ఇంకా అక్కడే ఉండావా," అన్నాడు ఆచారి.

మా ఊళ్లో డాక్టరు సూదులు వేశాడు, బిళ్లలు ఇచ్చాడు. పది రోజులకు వాపు దిగింది. నెల తిరగకుండా మళ్లీ వచ్చింది. ఈసారి రెండు చెవులూ వాచాయి. నెల్లూరులో చెవి, ముక్కు, గొంతు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన చూసి, కుట్టు చెడి లోపల చీము పట్టింది అన్నాడు. కుడిచెవి కోశాడు. చీము రాలేదు. కొంచెం నెత్తురు వచ్చింది. లోతుగా ఉంటుంది, మందులతో కరిగిపోతుంది అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి అడిగింది. చెవికి కట్టు కట్టించుకుంటూ అడిగింది.

"సార్, తమ్మెకి కూడా కుట్టే కదా ఉండేది. ఇరవై ఏళ్లుగా పోగు ఉండాది. పైదంతా ఎర్రబడింది, తమ్మె ఎందుకు ఎర్రబడలేదు?"

డాక్టరు చీటీ రాస్తున్నాడు. తలెత్తలేదు. "ఎర్రబడలేదని సంతోషపడాలమ్మా," అన్నాడు.

"అది కాదు సార్, రెండు చెవులకీ అంతే. గీత గీసినట్టు అక్కడికి వచ్చి ఆగిపోయింది."

నేను దాని మోచేయి పట్టుకుని నొక్కాను. "గమ్మునుండు మే. అంత పెద్దాయన్ని అట్టా నిలదీస్తారా," అన్నాను. డాక్టరుతో, చిన్నపిల్ల సార్, కంపెనీలో అందరికీ తప్పులు పట్టీపట్టీ అలవాటైపోయింది అని చెప్పాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మా అమ్మాయి మళ్లీ మాట్లాడలేదు. చీటీ తీసుకుని బయటికి వచ్చాము. బస్టాండులో నిమ్మకాయ సోడా తాగాము. అది సోడా సగం తాగి నాకిచ్చింది.

అక్కడి నుంచి ఏడాదిన్నర పోయింది. ఆ జబ్బు గుణం ఏమిటంటే, వస్తుంది, మందు వేసినా వేయకపోయినా కొన్నాళ్లకు అదే దిగిపోతుంది. దిగినప్పుడల్లా ఆ వారం ఏ మందు వాడుతుంటే ఆ మందు మంచిదని మేము నమ్మాము. పోగుల చిల్లులు పూడిపోయాయి. అయినా చెవులు వాచాయి. లోపల పోగు తునక ఉండిపోయిందన్నారు ఎవరో. మా అత్త ఆ మాట విని, తన చెవుల పోగులు పన్నెండూ ఒక్కొక్కటే తీసి గుడ్డలో మూటగట్టింది. మళ్లీ పెట్టుకోలేదు. సూది ఒక్కటే కారణం కాదని తర్వాత చెన్నైలో డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పినా పెట్టుకోలేదు.

కళ్లు ఎర్రబడ్డాయి. కంపెనీలో జిగురు ఘాటు అనుకున్నాము. మోకాళ్లు పట్టేశాయి. నిలబడే పని కదా అనుకున్నాము. ముక్కు దూలం ముట్టుకుంటే నొప్పి అంటే, బస్సు కమ్మీ తగిలి ఉంటుంది అన్నాను. ఒక్కోదానికి ఒక్కో కారణం దొరికింది. అన్నిటినీ కలిపి ఎవరమూ చూడలేదు. తర్వాత గొంతు బొంగురుపోయింది. బస్సులో పిల్లలు దాన్ని అన్నా అని పిలవడం మొదలుపెట్టారట. అది కూడా వాళ్లకు తగ్గట్టు, "ఏందమ్మాయ్, సీటు జరుగు," అని మగగొంతుతో అనేదట. నవ్వులాటగా చెప్పింది నాతో. అదే వారం మేడ మెట్లు ఎక్కి నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. ఊపిరి లోపలికి పోతుంటే సన్నగా కూత వినిపించింది. మా ఇంటాయన కింద దూది ఏకుతున్నవాడు పని ఆపి పైకి చూశాడు.

చెన్నై తీసుకుపోయాము. మా వైపు నుంచి రైలెక్కితే రెండు గంటల దూరం. ఏడాదిన్నర ముందు కూడా అంతే దూరం.

అక్కడ దాన్ని చూసిన డాక్టరమ్మ వయసులో చిన్నది. అరవం మాట్లాడే మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. మేము తీసుకుపోయిన కాగితాల కట్ట పక్కన పెట్టింది. ముందు చెవి చూస్తాను అన్నది. వాచిన చోట ముట్టుకోలేదు. నేరుగా తమ్మె పట్టుకుంది. రెండు వేళ్లతో నలిపి చూసింది. రెండో చెవి తమ్మె కూడా నలిపింది.

"ఇక్కడ నొప్పి?"

"లేదు మేడమ్," అన్నది మా అమ్మాయి ఆ బొంగురు గొంతుతో.

"ఇక్కడ కూడా కుట్టినారు. ఇది మాత్రం ఏం కాలేదు. ఎందుకు?" డాక్టరమ్మ మా ఇద్దర్నీ చూసింది. అది ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న కాదు, తనలో తను అనుకుంటున్నది. "ఇక్కడ మెత్తని ఎముక లేదు. పైన ఉంది. ముక్కులో ఉంది. గాలి పోయే గొట్టంలో ఉంది."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. నేను నేల మీద బండలు చూస్తూ కూర్చున్నాను.

ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇంత. ఒంట్లో రోగాల్ని తరిమే కావలి ఒకటి ఉంటుంది. ఆ కావలి ఇంటివాళ్లనే దొంగలనుకుని కొడుతుంది. ఈ జబ్బులో అది మెత్తని ఎముకను కొడుతుంది. లక్షల్లో ఎవరో కొందరికి వస్తుంది. అందుకే చాలామంది డాక్టర్లు తమ జన్మలో ఒక్కసారి కూడా చూసి ఉండరు, వాళ్లను తప్పుపట్టవద్దు అని చెప్పింది. గొంతులో కెమెరా దించి చూశారు. ఊపిరి పీల్చమని, వదలమని స్కాన్ తీశారు. గాలిగొట్టం చూపుడువేలు దూరాల్సిన చోట పెన్సిలు దూరేంత ఉందని చెప్పారు.

నేను రెండు మాటలు అడిగాను. చెవి కుట్టించడం వల్లనే వచ్చిందా అన్నాను. డాక్టరమ్మ ఆలోచించి చెప్పింది. "ఎందుకు వస్తుందో ఎవరికీ ఖచ్చితంగా తెలీదమ్మా. కుట్టిన తర్వాత మొదలైనవాళ్లు ఉన్నారు. ఏమీ కుట్టనివాళ్లే జాస్తి. లోపల జబ్బు లేకుండా సూది ఒక్కటే దీన్ని తేలేదు." ఇది ఆమె నాకోసం మెత్తగా చెప్పిందో, ఉన్నదే చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. రెండోది, ఏడాదిన్నర ముందే వచ్చి ఉంటే అని అడిగాను. "జబ్బు వచ్చి ఉండేదే. గొంతు కొంచెం మిగిలి ఉండేది," అన్నది. ఆ మాటలో మెత్తదనం లేదు. అందుకే అది నిజమని నమ్మాను.

స్టెరాయిడ్ బిళ్లలు పెద్ద మోతాదులో మొదలుపెట్టారు. వారానికి ఒకసారి వేసుకునే బిళ్ల ఇంకొకటి. నెలనెలా నెత్తురు పరీక్ష. ఏడాదిన్నర ఏ మందుకూ లొంగనిది నాలుగు రోజుల్లో దిగిపోయింది. ఆరో రోజు అది ఆసుపత్రి మంచం మీద చెవి ఆనించి పడుకుని నిద్రపోయింది. దాన్ని అట్లా చూసి మా ఇంటాయన వరండాలోకి పోయి చాలాసేపు రాలేదు.

తర్వాత ఆరేళ్లు ఇట్లానే జరిగాయి. మోతాదు తగ్గిస్తే జబ్బు లేస్తుంది. పెంచితే మొహం వాస్తుంది, షుగరు ఎక్కుతుంది. ముక్కు దూలం మెల్లమెల్లగా లోపలికి కుంగింది. అద్దం ముందర అది ఎక్కువసేపు నిలబడటం నేను చూడలేదు, తప్పించుకోవడమూ చూడలేదు. మొహం గుండ్రంగా అయినప్పుడు, "అమ్మా, ఇప్పుడు ఫొటో తీయించు. ఇంత బుగ్గలు మళ్లీ రావు," అన్నది. రంజాన్ నెలలో ఉపవాసాల కోసం మందులు ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది. అది పగలు బిళ్లలు వేసుకోవడానికి సిగ్గుపడుతుంటే జేజి నీళ్ల గ్లాసు తెచ్చి ముందర కూర్చుని, "మింగు. దేవుడికి నేను చెప్పుకుంటా," అనేది.

చెవికి ఫోను ఆనించుకోలేదు కాబట్టి స్పీకరు పెట్టి మాట్లాడేది. దానివల్ల మా ఇంటి సంగతులన్నీ కంపెనీ బస్సుకు తెలుసు. నేను పప్పు మాడ్చిన సంగతి మరునాడు డ్రైవరు అడిగాడట. కళ్లద్దాల కాడలు చెవుల మీద ఆనకుండా తాడు కట్టి, వెనక జడకు ముడేసుకునేది. నొప్పి ఉందా అని అడిగితే లేదు అనేది కాదు, ఉంది అనేది కాదు. "నిన్నటంత లేదు," అనేది. నిన్న అడిగినా అదే మాట.

వాళ్ల నాయన దానికి ఒక దిండు కుట్టాడు. మధ్యలో అరచెయ్యంత గుంట. చెవి ఆ గుంటలోకి పోతుంది, తల బరువు చుట్టూ ఆనుతుంది. మొదటిది గట్టిగా వచ్చింది. రెండోది పక్కకు ఒరిగింది. అయిదోది కుదిరింది. అది దాన్ని కూడా మూలమూలా తడిమి చూసి, "పాస్," అన్నది. ఆ దిండు ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ చూసి, చెవి నొప్పి ఉన్న ఇంకొకరి కోసం ఒకటి కుట్టించమని అడిగింది. మా ఇంటాయన మూడు కుట్టి పంపాడు.

ఏడో ఏడు గాలిగొట్టం మళ్లీ మూసుకుపోసాగింది. రెండుసార్లు వెడల్పు చేశారు. నిలబడలేదు. గొంతు కింద కోసి గొట్టం పెట్టారు. అక్కడి నుంచి గాలి ముక్కులోంచి కాదు, ఆ చిల్లులోంచి. ముక్కు అయితే దుమ్ము పట్టి ఆపుతుంది, గొట్టం ఆపదు అని చెప్పారు. మాది దూది ఇల్లు. మా అత్తగారి కాలం నుంచి వసారాలో ఏకిన దూది ఎగిరి దూలాల మీద కూర్చుని ఉంటుంది. మేము ఆసుపత్రి నుంచి రాకముందే మా ఇంటాయన తన సామాను మొత్తం ఊరి బయట ఒక రేకుల షెడ్డుకు మార్చాడు. మేము వచ్చేసరికి దూలాలు తడిగుడ్డతో తుడిచి ఉన్నాయి. ఆ రోజు నుంచి పని చేసి వచ్చి పెరట్లో తలస్నానం చేయనిదే గడప దాటలేదు. చలికాలం కూడా అంతే. ఒకసారి ఆయన మీసంలో చిన్న దూదిపింజ ఉండిపోతే అది చూసి వేలు చూపించింది. ఆయన మళ్లీ పోసుకుని వచ్చాడు.

ఉద్యోగం మానేసింది. మాట కావాలంటే గొట్టం మీద వేలు మూయాలి. మూస్తే నాలుగు మాటలు వస్తాయి, ఆయాసం వస్తుంది. అందుకని నోటు పుస్తకంలో రాసేది. నేను కూడబలుక్కుని చదివేదాన్ని. నేను ఒక వాక్యం చదివేలోపల అది నాలుగు రాసేది. విసుక్కోలేదు, పెద్ద అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. ఒత్తులు తగ్గించింది. నాకు తెలిసిన మాటలతోనే రాసేది. ఆరు నెలలకు నేను తడుముకోకుండా చదివాను. అప్పుడు మళ్లీ మామూలు అక్షరాలు రాసింది. నాకు చెప్పకుండానే నన్ను పైతరగతికి పంపింది.

ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. నెల్లూరు డాక్టరు దగ్గర నేను నీ చెయ్యి నొక్కినాను, గుర్తుందా అన్నాను. తల ఊపింది. ఆ రోజు నిన్ను మాట్లాడనిచ్చి ఉంటే నీ గొంతు మిగిలేదేమో అన్నాను. పుస్తకం తీసుకుంటుందని చూశాను. తీసుకోలేదు. గొట్టం మీద వేలు పెట్టి మాట్లాడింది.

"నువ్వు ఆపినావు సరే. నేనెందుకు ఆగినానమ్మా?" ఊపిరి తీసుకుంది. మళ్లీ వేలు పెట్టింది. "కంపెనీలో అయితే ఆగను. లైను ఆపేస్తా. నా చెవికి మాత్రం ఆగినా."

నేను కూరగాయలు తరగడం మొదలుపెట్టాను. అది నా పక్కన కూర్చుని బెండకాయల్లో ముదురువి ఏరి పక్కన పెట్టింది.

ఆఖరిసారి నెమ్ముతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు మొదటి వారం ఆయాసం ఉన్నా తెలివిగానే ఉంది. పక్క మంచం మీదికి సూళ్లూరుపేట వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. పదహారేళ్లుంటాయి. మెడ కింద గడ్డలు. దానికీ పేరు తెలియని జబ్బే. వాళ్లమ్మ నాలాంటి మనిషి. పొద్దున డాక్టర్లు వరసగా మంచాలు చూసుకుంటూ వచ్చారు. పెద్ద డాక్టరు, ఆయన వెనక అయిదారుగురు. ఆ పిల్ల కాగితాలు చూసి, ఇంగ్లీషులో ఏదో చెప్పుకుని, మందు మార్చమన్నారు. పిల్ల పడుకున్నదల్లా లేచి కూర్చుని, "సార్, ఇంకొకటి చెప్పాల..." అన్నది. వాళ్లమ్మ దాని భుజం మీద చెయ్యి వేసి, "అయ్యగార్లు తొందరగా పోవాల, నువ్వు పడుకో," అన్నది. పిల్ల పడుకుంది. డాక్టర్లు ముందుకు నడిచారు.

టంగుమని శబ్దం వచ్చింది. మా అమ్మాయి స్టీలు గ్లాసు తీసుకుని మంచం ఇనుప కమ్మీ మీద కొట్టింది. డాక్టర్లు వెనక్కి చూశారు. ఏం కావాలమ్మా అన్నారు. దానికి గొట్టం మీద వేలు పెట్టి మాట్లాడేంత ఊపిరి కూడా లేదు అప్పుడు. మళ్లీ కొట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి గ్లాసు తీసుకోబోతే ఇవ్వలేదు. మూడోసారి, నాలుగోసారి కొట్టింది. వార్డు మొత్తం మా వైపు తిరిగింది. నా చెయ్యి దాని మోచేతి దాకా పోయింది. అక్కడే ఉంచుకున్నాను, పట్టుకోలేదు.

అది గ్లాసు చేతిలోనే పట్టుకుని పక్క మంచం వైపు చూపించింది.

పెద్ద డాక్టరు అటు చూసి, ఇటు చూసి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చాడు. ఆ పిల్ల మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వెనకవాళ్లు కూడా ఆగారు. "చెప్పమ్మా," అన్నాడు. పిల్ల వాళ్లమ్మను చూసింది. తర్వాత మా అమ్మాయిని చూసింది. మెల్లగా మొదలుపెట్టింది. ఏ గడ్డ ముందు వచ్చిందో, ఏది పొద్దున పెరిగి సాయంత్రానికి తగ్గుతుందో, ఏది ఎన్నడూ మారలేదో వేలితో మెడ మీద చూపిస్తూ చెప్పింది. ఒక డాక్టరు రాసుకుంటున్నాడు. ఎంతసేపు చెప్పిందో నాకు తెలియదు, ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. మా అమ్మాయి వెనక్కి వాలి, గ్లాసు గుండెల మీద బోర్లించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని వింటున్నది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గ్లాసు కొంచెం పైకి లేస్తున్నది, మళ్లీ దిగుతున్నది.